అన్నా సారా కుగ్లరు దొరసాని చరిత్రము

గుంటూరు పట్టణమున కుగ్లరు ఆసుపత్రి యెక్కడనని యడిగినచో త్రోవ చూపనివారుండరు. ఆ కుగ్లరు ఎవరని యడిగినచో మాత్రము, పూర్వకాలపు దొరసాని యెవతెయో యని చెప్పి యూరకుందురు. మేము గుంటూరు వారము కాము. సంగారెడ్డి న్యాయస్థానమున వ్యవహారములు నడపుచు, పటాన్‌చెరువు, పాశమైలారము, బొల్లారము ప్రాంతముల కార్మికుల యభియోగములు చూచుకొనువారము. ఈ దొరసాని చరిత్రమును వెదకి చదువుటకు మమ్ము పురికొల్పినది ఒక కూలి తగవు.

మందుల కర్మాగారమున సీసాలు సరిచూచు పనిలోనున్న ముప్పదియేండ్ల స్త్రీ యొకతె తనకు నాలుగు నెలల జీతము కోసివేసిరని మా యొద్దకు వచ్చెను. కారణమడుగగా, అధికరక్తస్రావమువలన తఱచు పనికి పోలేకపోయితినని చెప్పెను. వైద్యము చేయించుకొనలేదా యని యడుగగా తల వంచుకొనెను. ఒక వైద్యశాలకు పోయెనట. లోపలి స్కానింగు చేయవలెనని గదిలోనికి పంపిరి. అచ్చటనున్నవాడు పురుషుడు. ఆడవారెవరైన చేయుదురా యని యామె యడిగెను. వైద్యమునకు ఆడ మగ భేదము లేదనియు, సమ్మతించి సంతకము చేయుటయో వెడలిపోవుటయో త్వరగా తేల్చుకొనవలసినదనియు చెప్పిరి. ఆమె వెడలిపోయెను, మరల నే వైద్యశాలకును పోలేదు. తాను చేసినది తప్పో కాదో యామెకే తెలియలేదు. మాకును వెంటనే తెలియలేదు. జీతపు తగవుమాట యట్లుండగా ఈ ప్రశ్న మమ్ము విడువక పట్టుకొనెను. ఆ ప్రశ్నతోనే మేము కుగ్లరు దొరసాని యొద్దకు పోయితిమి.

అన్నా సారా కుగ్లరు 1856వ సంవత్సరము ఏప్రిలు 19వ తేదీన అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున, ఫిలడెల్ఫియా నగరమునకు సమీపమైన ఆర్డుమోరులో జనించెను. ఆమె వైద్యవిద్య నభ్యసించినది ఫిలడెల్ఫియాలో 1850లో స్త్రీలకొఱకై స్థాపింపబడిన వైద్యకళాశాలలో. పురుషుల కళాశాలలు స్త్రీలను చేర్చుకొనకపోవుటచేత అట్టి కళాశాల యవసరమైనది. 1869లో ఆ కళాశాలలోని విద్యార్థినులు పెన్సిల్వేనియా ఆసుపత్రిలో రోగులను చూపించి చెప్పు పాఠమునకు పోగా, పురుషవిద్యార్థులు గేలిచేసి, వెక్కిరించి, వారిని వెంటాడిరి. దాని వెనుక వచ్చిన వాదము చదువరులు గమనింపదగినది. పురుషరోగి దేహమును స్త్రీవిద్యార్థిని చూచుట మర్యాదకు భంగమని పెద్ద వైద్యులే వ్రాసి ప్రకటించిరి. స్త్రీరోగి దేహమును పురుషవైద్యుడు చూచుట వారికెన్నడును మర్యాదాభంగముగా తోచలేదు. సిగ్గు అనునది రోగిని కాపాడుటకుగాక వైద్యురాలిని వెలివేయుటకు ఉపయోగింపబడిన కాలమది.

కుగ్లరు 1879లో పట్టము పొందెను. పిమ్మట నారిస్‌టౌనులో క్రొత్తగా తెఱచిన రాష్ట్రప్రభుత్వపు పిచ్చియాసుపత్రిలో సహాయవైద్యురాలుగా చేరెను. ఆమె జీవితములో నీ ఘట్టమును సాధారణముగా నొక వాక్యములో దాటివేయుదురు. మాకు మాత్రము ఇది ముఖ్యమని తోచుచున్నది. ఆ యాసుపత్రిలో స్త్రీల విభాగమంతయు ఆలిస్ బెన్నెట్టు అను వైద్యురాలి యధికారమున నుండెను. అట్టి యేర్పాటు ఆ దినములలో మిక్కిలి యరుదు. మతిచెడిన స్త్రీ తన సమ్మతిని చెప్పలేదు, అసమ్మతిని చెప్పినను వినువారుండరు. కాబట్టి యామె దేహము ఇతరుల చేతిలో నెట్లుండవలెనను విచారము అచ్చటివారికి ముందుగా కలిగెను. నోరులేని రోగికి ఆ దేశమున మొదట లభించిన మర్యాద, నోరుగల రోగికి చాలకాలమువఱకు లభింపలేదు. కుగ్లరు వైద్యవృత్తిలో తొలియేండ్లు గడపినది ఇట్టి చోట.

అప్పటికి గుంటూరులో అమెరికా లూథరను మిషనువారు నలువది యేండ్లుగా పనిచేయుచుండిరి. వారి మొదటి మిషనరీ హేయరు 1842లో వచ్చెను. 1882లో గుంటూరు మిషనరీలలో నొకడగు ఆడము రో అనునాయన కుగ్లరునకు ఉత్తరము వ్రాసి, తెలుగుస్త్రీలకు వైద్యురాలు లేక కలుగుచున్న దురవస్థను తెలిపెను. ఆమె బయలుదేరుటకు సిద్ధపడెను. కాని మిషనునకు చెందిన స్త్రీసంఘమువారు, వైద్యమునకు మనుష్యురాలిని పంపుటకు ఇంకను కాలము రాలేదనిరి. ఉపాధ్యాయినిగా పోవుటకైన నభ్యంతరము లేదనిరి. ఆమె యందులకును ఒప్పుకొనెను. 1883 ఆగస్టులో ఓడ యెక్కి, నవంబరు తుదకు గుంటూరు చేరెను. పెట్టెలో వైద్యపరికరములు, పేరునకు బడిపంతులమ్మ యుద్యోగము.

అదే 1883లో మహారాష్ట్రబ్రాహ్మణ యువతి ఆనందీబాయి జోషి కలకత్తాలో నోడ యెక్కి అమెరికాకు పోయెను. ఆమె చేరినది కుగ్లరు చదివిన కళాశాలయే. పదునాలుగేండ్ల ప్రాయమున కన్న బిడ్డను పదిదినములకే పోగొట్టుకొన్న యా బాలిక, మనదేశపు స్త్రీలకు స్త్రీవైద్యులే కావలెనని నిశ్చయించుకొని పోయెను. 1886లో పట్టము పొంది, 1887లో స్వదేశముననే మరణించెను. ఇరువది రెండేండ్లయినను నిండలేదు. ఒకే సంవత్సరమున ఒకే పనికై ఒకతె యిటు, ఒకతె యటు సముద్రము దాటిరి. ఇటు వచ్చినామెకు నలువది యేడేండ్ల యాయుర్దాయము దొరకెను.

ఇచ్చట నాడున్న స్థితి యెట్టిదో చెప్పవలయును. ప్రసవము మంత్రసాని చేతిది. బిడ్డ యడ్డము తిరిగినను, మాయ పడకపోయినను, మంత్రసానికి తెలిసినంతవఱకే ప్రయత్నము. సర్కారు ఆసుపత్రులలో దొరవైద్యులును, దేశీయవైద్యులును ఉండిరి గాని వారందఱును పురుషులు. పెద్దకులముల స్త్రీలను, గోషాలోనుండు మహమ్మదీయ స్త్రీలను వారు చూచుట యరుదు. చూచినను తెరచాటున నాడి పట్టుకొనుటయే. తిండివనములో ఐడా స్కడరు యౌవనకాలపు కథ లోకప్రసిద్ధము. ఒక్కరాత్రిలో ముగ్గురు పురుషులు వేర్వేరుగా వచ్చి, ప్రసవవేదనలోనున్న తమ భార్యలకు ఆ యువతిని సాయము రమ్మనిరి. వైద్యుడైన ఆమె తండ్రి వచ్చునన్నను వారు సమ్మతింపలేదు. తెల్లవారునప్పటికి ముగ్గురు స్త్రీలును చనిపోయిరి. ఈ కథను చెప్పువారందఱును స్త్రీవైద్యుల యావశ్యకమునకు నిదర్శనముగా చెప్పుదురు. అది నిజమే. కాని వకీళ్ల కంటికి ఇంకొకటి కానవచ్చును. ఆ ముగ్గురు స్త్రీలను ఎవ్వరును అడుగలేదు. పురుషవైద్యుడు వలదన్నది భర్తలు, చనిపోయినది భార్యలు. రోగి యిష్టమనియు, ఇంటియజమాని యిష్టమనియు రెండు కలవు. వాని రెంటిని ఒకటిగా కలిపి మాటలాడుట పూర్వకాలపు వాడుక. ఈనాటికిని అది పూర్తిగా పోలేదు.

చెన్నపట్టణమున ఈ పని కుగ్లరునకు ముందే యారంభమైనది. మేరీ షార్లీబు అను ఆంగ్లేయస్త్రీ ఒక న్యాయవాది భార్య. ఇది మావంటివారికి కొంత సంతోషము కలిగించు సంగతి. భర్త కచేరీకి వచ్చిపోవువారి నోట ప్రసవమరణముల వార్తలు విని విని, ఆమె 1875లో మఱి ముగ్గురు స్త్రీలతో కలసి చెన్నపురి వైద్యకళాశాలలో చేరెను. పిమ్మట లండనులో చదివి పట్టము పొంది మరల వచ్చి, 1885లో కులస్త్రీలకును గోషాస్త్రీలకును ప్రత్యేకముగా నొక యాసుపత్రిని స్థాపించెను. దాని భవనమునకు మన వేంకటగిరి రాజావారు లక్షరూపాయలు విరాళమిచ్చిరి. తిరువళ్లిక్కేణిలో నేడు కస్తూరిబా గాంధీ పేరనున్న యాసుపత్రి యదియే. ఆ 1885లోనే రాజప్రతినిధి భార్య డఫరిను దొరసాని పేర, దేశమంతట స్త్రీలకు స్త్రీవైద్యులను సమకూర్చుటకు నిధి యేర్పడెను.

గుంటూరులో కుగ్లరునకు రాజప్రతినిధి యండ లేదు. బడిపని చేయుచునే, పిలిచిన యింటికెల్ల పోవుచు, తానున్న యింటికి వచ్చినవారికి మందులిచ్చుచు నుండెను. మొదటి సంవత్సరములోనే నాలుగువందలకు పైబడిన రోగులను చూచెనట. 1885 తుదకు మిషనువారు ఆమెను వైద్యురాలిగా నంగీకరించిరి. అనగా రెండేండ్లుగా జరుగుచున్న పనికి పేరు పెట్టిరి. 1886లో చిన్న మందులశాల తెఱచిరి.

ఇచ్చట మమ్ము చాల యాలోచింపజేసిన విషయమొకటి కలదు. గుంటూరు బ్రాహ్మణగృహములలోనికి ఆమెను పిలిచినవారు ఆమె స్త్రీ యని పిలిచిరి. ఆమె మ్లేచ్ఛురాలని దూరముగా నుంచిరి. ఆమె తాకిన వస్తువు మైలపడినట్లే. ఆమె వెడలినపిదప ఇల్లు శుద్ధిచేయవలసినదే. ప్రాణము కాపాడిన చేతిని అంటరానిదిగా చూచుట ఆ యిండ్లవారికి వింతగా తోచలేదు. చెన్నపురి యాసుపత్రి పేరులో సయితము కులమును గోషాయు ప్రక్కప్రక్కనే నిలిచియుండెను. కావున నేడెవరైన మమ్ము ఇట్లడుగవచ్చును: రోగి తనకు స్త్రీవైద్యురాలే కావలెనని కోరవచ్చునన్నచో, తన కులమువాడే కావలెనని ఏల కోరరాదు? ఈ ప్రశ్నకు తడుముకొనకుండ నుత్తరము చెప్పగలవారిని మేమింకను చూడలేదు. మాకు తోచినది చెప్పెదము. కులమునుబట్టి వైద్యుని నిరాకరించువాడు వైద్యుని మనుష్యత్వమును తక్కువచేయుచున్నాడు. నిరాకరణమునకు వైద్యుని పుట్టుకయే విషయము. దేహమును విప్పి చూపవలసినపుడు స్త్రీ స్త్రీని కోరుట, పురుషుడు పురుషుని కోరుట, వైద్యుని తక్కువచేయుట కాదు; అచ్చట విషయము రోగి తన దేహమే. జ్వరమునకు మాత్ర వ్రాయుటకు సయితము పురుషవైద్యుడు పనికిరాడనువారిని మేము సమర్థింపము. ఈ గీత సన్నమైనదే. సన్నముగా నున్నంతమాత్రమున గీత లేదనుట న్యాయము కాదు.

1889లో కుగ్లరు స్వదేశమునకు పోయి, వైద్యశాల నిర్మాణమునకు ధనము కూడబెట్టి, రెండేండ్ల పిదప తిరిగి వచ్చెను. పదునెనిమిది యెకరముల స్థలము సంపాదింపబడెను. 1893లో క్రొత్త మందులశాలయు, 1898 జూనులో ఏబది పడకల యాసుపత్రియు సిద్ధమయ్యెను. అంతలో 1895లో మేరీ బేయరు అను రెండవ వైద్యురాలు వచ్చి చేరెను. తెలుగుబాలికలకు దాదివృత్తి నేర్పసాగిరి. ఇది యంతయు పదునైదేండ్ల పని. చదువుటకు నాలుగు పంక్తులు.

ఏలూరు జమీందారు రాజా భుజంగరావుగారు, తమ కుటుంబమునకు కుగ్లరు చేసిన వైద్యమునకు కృతజ్ఞులై, ఆసుపత్రి యెదుట నొక సత్రమును కట్టించి యిచ్చిరి. రోగితో కూడ వచ్చిన హిందూకుటుంబములు అందు దిగి, తమ యాచారము చొప్పున వండుకొని తినవచ్చును. ఈ సత్రము మాకు మిక్కిలి నచ్చినది. ఆసుపత్రిలోపల తమ కట్టుబాటును వదలుకొన్నవారే గోడకావల దానిని నిలుపుకొనుట కొందఱకు హాస్యముగా తోచవచ్చును. రోగి వైద్యముకొఱకు తన బ్రతుకునంతటిని గడపకు బయట వదలి రావలెనను నియమము లేకపోవుటయే ఆ సత్రమువలన కలిగిన లాభము. దానివలన వచ్చినవారు పెరిగిరి; వచ్చినవారు బ్రతికిరి. 1905లో ప్రభుత్వమువారు కుగ్లరునకు కైజరిహింద్ పతకమిచ్చిరి. 1917లో మరల నొకసారి గౌరవించిరి.

ఆమెలో మాకు సమ్మతము కాని యంశమును దాచము. ఆమె మతప్రచారకురాలు. మిషను మందులశాలలలో రోగులు తమవంతుకై కూర్చున్నపుడు వారికి బైబిలు చదివి వినిపించుట వాడుక. నొప్పితో వచ్చిన స్త్రీ లేచిపోజాలదు, కూర్చుండి వినవలసినదే. రోగి దేహవిషయమున ఆమె యిష్టము నంత గౌరవించినవారు, మనోవిషయమున దానినట్లు గౌరవింపలేదని చెప్పక తప్పదు. ఇంకొక యాక్షేపణ కలదు. స్త్రీలకు వేఱు ఆసుపత్రులు కట్టుట గోషాను బలపఱచుటయే యని కొందఱు సంస్కర్తలు వాదించుచుండిరి. ఇందులో కొంత సత్యము లేకపోలేదు. కాని కుగ్లరు ఆసుపత్రికి వచ్చిన స్త్రీ మొదట చేసిన పని యిల్లు దాటుట. ఆమె యెదుట సూదియు కత్తియు పట్టి యాజ్ఞలిచ్చుచు నిలిచినది స్త్రీ. అట్టి దృశ్యము చూచిన బాలిక మరల మునుపటి బాలికగానే యింటికి పోవునని మేము నమ్మము.

ఇక శాసనము మాట. గుంటూరు ఆసుపత్రి తెఱచిన 1898లోనే క్రిమినలు ప్రొసీజరు కోడు అమలులోనికి వచ్చెను. స్త్రీని సోదా చేయవలసివచ్చినచో మర్యాదకు భంగము రాకుండ మఱియొక స్త్రీయే చేయవలెనని అందు విధింపబడెను. 1973 నాటి కోడు ఇంకను ముందునకు పోయి, నేరము మోపబడిన స్త్రీకి వైద్యపరీక్ష జరుపునపుడు స్త్రీవైద్యురాలే చేయవలెను, లేదా ఆమె పర్యవేక్షణమున జరుగవలెనని చెప్పెను. 2024 జూలై 1వ తేదీ నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 51వ సెక్షనులోను ఈ నియమము నిలిచియున్నది. అత్యాచారమునకు గుఱియైన బాలికను వైద్యురాలే పరీక్షింపవలెనని 2012 నాటి పోక్సో శాసనము 27వ సెక్షను చెప్పుచున్నది. సాధారణరోగి మాటయో? జాతీయ మానవహక్కుల సంఘమువారు రూపొందించిన రోగిహక్కుల పత్రమున, పురుషవైద్యుడు స్త్రీరోగిని పరీక్షించునపుడు మఱియొక స్త్రీ దగ్గఱనుండవలెనని యున్నది. అంతియే. దొంగతనపు నేరమున పట్టుబడిన స్త్రీకి వైద్యురాలు హక్కు. ఏ నేరము చేయక రక్తస్రావముతో వచ్చిన స్త్రీకి ప్రక్క నొక మనిషి మాత్రము. మా కక్షిదారునకు ఆ ప్రక్కమనిషినైనను చూపలేదు.

వైద్యురాలు దొరకినంతమాత్రమున రోగి యిష్టము నెరవేఱినట్లు కాదని కూడ చెప్పవలెను. పరీక్షకు మాత్రము సమ్మతించిన స్త్రీకి, ఆమె మత్తులోనుండగా గర్భాశయమునే తీసివేసిన వ్యవహారమున, ఒక పనికిచ్చిన సమ్మతి వేఱొక పనికి చెల్లదని 2008లో సుప్రీంకోర్టు తీర్పుచెప్పెను. అచ్చట శస్త్రము చేసినది స్త్రీవైద్యురాలే. పురుషుల సంగతి యెవ్వరును తలపెట్టరు. మూత్రనాళమున గొట్టము వేయునపుడు దాదులయెదుట సిగ్గుతో బిగిసిపోవు ముసలివారిని మేమెఱుగుదుము. వారికి నోరు తెఱచి కోరుటకైన ధైర్యముండదు, నవ్వుదురని భయము. ప్రాణాపాయసమయమున ఎవరు దగ్గఱనున్నచో వారే చేయవలెననుటలో మాకు సందేహము లేదు. ముందుగా దినము నిర్ణయించి చేయు పరీక్షలకు ఆ తొందర యెక్కడిది?

కుగ్లరు ఈ హక్కును గూర్చి వ్యాజ్యము వేయలేదు. కోరినవారికి వైద్యురాలు దొరకునట్లు చేసెను. వైద్యురాలు లేనిచోట రోగి యిష్టము కాగితముపై నుండును. మా జిల్లాలో 2022లో సంగారెడ్డి ప్రభుత్వ వైద్యకళాశాల యారంభమైనది. నేడు వైద్యకళాశాలల తరగతులలో బాలికలకు కొదువ లేదు. స్కానింగు గదులలో, రాత్రివేళ పనులలో ఎవరిని ఎప్పుడు నియమింతురనునది ఇప్పటి చిక్కు. అది ఒక జాబితా వ్రాయుపని. దానికి ఓడ యెక్కి రావలసిన యవసరము లేదు.

తుదిదినములలో ఆమె తన యాసుపత్రి చరిత్రమును గ్రంథముగా వ్రాయగా 1928లో నది యచ్చుపడెను. 1930 జూలై 26వ తేదీన, డెబ్బది నాలుగేండ్ల ప్రాయమున, గుంటూరులోనే కన్నుమూసెను. పిమ్మట ఆ యాసుపత్రికి ఆమె పేరు పెట్టిరి.

మా కక్షిదారు జీతపుతగవు రాజీలో ముగిసెను; కోసినదానిలో సగము వచ్చెను. వైద్యశాలవారికి మేము పక్షపురాతలేకుండ నొక యుత్తరము వ్రాసితిమి. పదునైదు దినములకు జవాబు వచ్చెను. గురువారములందు మధ్యాహ్నమువఱకు స్కానింగునకు స్త్రీ యుండుననియు, ముందుగా చెప్పినచో ఆ దినమునకే వ్రాసికొందుమనియు అందున్నది. ఆ గురువారపు సంగతి మొదటనే ఆమెకు చెప్పియుండవచ్చును గదా యని మేము విసుగుకొంటిమి. ఆమె విసుగుకొనలేదు. అక్కను వెంటబెట్టుకొని గురువారము పోయెను. గర్భాశయమున చిన్న గడ్డ కనబడినదట, మందులతో చూతమనిరట. శుక్రవారము రెండవ షిఫ్టునకు పనిలోనికి దిగెను.